బడి అందరిదీ కావాలంటే: సహిత విద్యపై ప్రధానోపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు ప్రధానోపాధ్యాయ బాధ్యత చూశాను. కాంప్లెక్స్ సమావేశాల్లో టీ తాగుతూనో, రాత్రిపూట ఫోన్ చేసో తోటి హెచ్‌ఎంలు నన్ను అడిగిన ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి. కొత్తగా పదోన్నతి మీద వచ్చినవారికి ముందుగా పనికొస్తాయని రాస్తున్నాను.

సహిత విద్య, సమ్మిళిత విద్య, విలీన విద్య: ఇవన్నీ ఒకటేనా?

కాగితం మీద ఒకటే. ఉత్తర్వుల్లో సహిత విద్య, సమ్మిళిత విద్య అనే రెండు మాటలూ కనిపిస్తాయి. పాత టీచర్ల నోట విలీన విద్య అని వస్తుంది. ఈ చివరి మాటను నేను వాడను. విలీనం అనగానే వచ్చినవాడే మనలో కలిసిపోవాలి, మనం ఉన్నట్టే ఉంటాం అన్న అర్థం వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పేది వేరు. వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి చదవాలి, ఆ పిల్లల అవసరానికి తగ్గట్టు బోధన పద్ధతి మారాలి అని ఆ చట్టం సహిత విద్యను నిర్వచించింది. అంటే మారాల్సింది బడి. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే కింది జవాబుల్లో సగం మీరే చెప్పుకోగలరు.

హెచ్‌ఎంగా ఇప్పుడే చేరాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

హాజరు పట్టీలతో మొదలుపెట్టండి. యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులో) ప్రత్యేక అవసరాలు గల పిల్లలుగా నమోదైన పేర్లన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఒక్కో పేరు ఎదురుగా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పిల్ల నిన్న బడికి వచ్చిందా? వస్తే ఎక్కడ కూర్చుంది? నిన్న ఏం నేర్చుకుంది?

నేను ఈ పని మొదటిసారి చేసినప్పుడు నా కాగితం మీద 11 పేర్లు తేలాయి. వారిలో నలుగురు రోజూ వస్తున్నారు. ముగ్గురు వచ్చినా చివరి బల్ల మీద కూర్చుని సాయంత్రం వెళ్లిపోతున్నారు. మిగిలిన నలుగురూ రిజిస్టర్‌లోనే చదువుతున్నారు. అప్పటికే ఆ బడిలో నాకు రెండేళ్ల సర్వీసు. ఆ రెండేళ్లూ నెలవారీ నివేదికల మీద సంతకాలు పెట్టింది నేనే. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత రాని పిల్లల ఇళ్లకు వెళ్లండి. సీఆర్‌పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను) పంపితే సమాచారం వస్తుంది, మీరు వెళ్తే పిల్లలు వస్తారు. హెచ్‌ఎం గుమ్మంలోకి వచ్చి "పాపను పంపండమ్మా, నేను చూసుకుంటా" అన్నాక ఏ తల్లీ ఆ మాటను తేలిగ్గా తీసుకోదు.

మా బడిలో వసతులు లేవని చెప్పి చేర్చుకోకుండా ఉండొచ్చా?

ఉండకూడదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని చెప్పిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు అందులో స్పష్టంగా చేరారు. 2016 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలోనో, వారు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. కోరుకునేది వాళ్లు. "ఆ స్కూలుకు తీసుకెళ్లండి, అక్కడ బాగా చూస్తారు" అని తేల్చేసే అధికారం మనకు లేదు.

వసతి లేదు కాబట్టి పిల్లను వద్దనడం చట్టం చూపిన దారి కాదు. పిల్ల వచ్చింది కాబట్టి వసతి సమకూర్చమని మండలానికీ జిల్లాకూ రాయడమే మన దారి. రాసి, నకలు ఫైల్లో పెట్టండి. నా అనుభవంలో పేరు, తరగతి, అవసరం స్పష్టంగా రాసిన ఉత్తరానికి కదలిక ఉంటుంది. "వసతులు కల్పించగలరు" అని ముక్తసరిగా రాసిన ఉత్తరం ఫైల్లోనే మూలుగుతుంది.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేని పిల్లల సంగతేమిటి?

పింఛనుకూ, భత్యాలకూ, పదో తరగతి పరీక్షలో మినహాయింపులకూ సర్టిఫికెట్ కావాలి. బోధన మార్చడానికి అక్కర్లేదు. బోర్డు కనబడని పిల్లను ముందు బల్లకు తేవడానికి ఏ డాక్టరు సంతకమూ అవసరం లేదు కదా.

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వంటివి కొత్తగా చేరాయి. మీ బడిలో "మొద్దు" అని ముద్ర పడినవాళ్లలో ఒకరిద్దరు ఈ జాబితాలో ఉండే అవకాశం ఉంది. ఎవరిని పరీక్షకు పంపాలో తేల్చుకోవడానికి ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ చెక్‌లిస్ట్ ఉంది, ఫోన్‌లో యాప్‌గానూ దొరుకుతుంది. తరగతి టీచరు గమనించిన లక్షణాలను నింపితే చాలు. అయితే అది వడపోత మాత్రమే, నిర్ధారణ డాక్టర్లది. "వీడికి డిస్లెక్సియా ఉంది" అని మనం ప్రకటించకూడదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఆరోగ్యం పరీక్షించే బృందం బడికి వచ్చిన రోజున ఆ జాబితా చేతికిచ్చి, ఆ పిల్లలను ప్రత్యేకంగా చూడమని అడగండి. ఆ బృందం వచ్చే రోజే మనకు ఏదో మీటింగ్ పడుతుంది, సంతకం పెట్టి పంపేస్తాం. అలా పోగొట్టుకున్న అవకాశాలు నా సర్వీసులో చాలా ఉన్నాయి.

సదరం శిబిరానికి స్లాట్ బుక్ చేయడం, ఆ రోజు ఆటో మాట్లాడటం కూడా బడి చేయదగ్గ సాయమే. కూలికి వెళ్లే తల్లికి ఒక రోజు పోవడమంటే ఆ రోజు కూలి పోవడమే. మళ్లీ రమ్మంటే రెండో కూలి కూడా పోతుంది. తీసుకెళ్లాల్సిన కాగితాలన్నీ ముందురోజే బడిలో సరిచూసి పంపితే ఆ రెండో ప్రయాణం తప్పుతుంది.

మండలంలో ఐఈఆర్‌పీలు (సహిత విద్య రిసోర్స్ పర్సన్లు), భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే కేంద్రం) ఉన్నాయి కదా, అది వాళ్ల పని కాదా?

ఈ ప్రశ్న వింటే నాకు బాధ కలుగుతుంది. ఐఈఆర్‌పీ అంటే మండలమంతా తిరిగే మనిషి. భవిత కేంద్రంలో పిల్లలను చూడాలి, ఫిజియోథెరపీ శిబిరాలకు పిల్లలను చేర్చాలి, ఇంటివద్ద విద్య పొందే పిల్లల దగ్గరికి వెళ్లాలి, పరికరాల పంపిణీకి జాబితాలు కట్టాలి. అలాంటి మనిషి మీ బడికి నెలలో ఎన్నిసార్లు రాగలరు? వచ్చిన రోజు పిల్లను వరండాలో ఒక మూల కూర్చోబెట్టి "మీ పిల్లను మీరు చూసుకోండి" అని అప్పగిస్తే, మిగిలిన రోజుల్లో ఆ పిల్ల ఎవరి పిల్ల?

రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పిన నిష్పత్తి ప్రకారం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలి. మన మండలాల్లో ఆ లెక్క ఎంత దూరంలో ఉందో మీకూ తెలుసు. ఆ పోస్టుల కోసం సంఘాల ద్వారా అడగాల్సిందే. ఈలోగా పిల్లల వయసు మాత్రం ఆగదు.

కాబట్టి ఐఈఆర్‌పీ వచ్చిన రోజును టీచర్ల కోసం వాడుకోండి. పిల్ల కూర్చునే తరగతిలోకే ఆ మనిషిని పంపండి. ఒక పీరియడ్ చూసి, "ఈ పాఠంలో ఈమెకు ఈ మూడు మాటలు వస్తే చాలు, ఇలా చెప్పండి" అని సబ్జెక్టు టీచరుకు చూపించమనండి. వాళ్ల దగ్గరున్న నైపుణ్యం మన టీచర్ల చేతికి రావాలి. మరో మాట. వాళ్లు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. స్టాఫ్ రూమ్‌లో వాళ్లకు ఒక కుర్చీ, పేరుపెట్టి పిలిచే మర్యాద ఉన్నాయో లేదో మీరే చూసుకోవాలి.

"మాకు ట్రైనింగ్ లేదు, సిలబస్ అవ్వదు" అంటున్న టీచర్లతో ఎలా?

వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. అందుకే ముందు ఒప్పుకోండి. బీఈడీలో ఒక పేపరు చదివి, రెండు రోజుల శిక్షణలో స్లైడ్లు చూసినంత మాత్రాన 45 మంది ఉన్న గదిలో చెవులు వినబడని పిల్లవాడికి బీజగణితం చెప్పడం రాదు.

నేను చేసింది ఇది. స్టాఫ్ మీటింగుల్లో సహిత విద్య మీద ఉపన్యాసాలు మానేశాను. ప్రతి సమావేశంలో మొదటి 15 నిమిషాలు ఒక్క పిల్ల గురించి మాట్లాడేవాళ్లం. ఆ పిల్లకు ఏం వచ్చు అన్నదే మొదటి ప్రశ్న. ఏం రాదో అందరికీ తెలుసు, దాన్ని ఎవరూ అడగక్కర్లేదు. ఒకసారి ఎనిమిదో తరగతిలోని ఒక మేధో వైకల్యం ఉన్న పిల్లవాడి గురించి మాట్లాడుకుంటుంటే, డ్రిల్ మాస్టారు "వాడు స్టోర్ రూమ్‌లో ఆట సామాను లెక్క ఒక్కటి తప్పకుండా చెబుతాడండీ" అన్నారు. లెక్కల టీచరు ఆశ్చర్యపోయారు. వాడికి అంకెలు రావని ఆవిడ మూడేళ్లుగా నమ్ముతున్నారు. మర్నాటి నుంచి బంతులు, రింగులతోనే కూడికలు మొదలయ్యాయి.

సిలబస్ భయం ఎక్కువగా పై అధికారి తనిఖీ భయమే. ఆ భయాన్ని మీరు మోయాలి. "ఈ పిల్లకు ఈ లక్ష్యాలు చాలని నేను, టీచరు, ఐఈఆర్‌పీ, తల్లి కలిసి నిర్ణయించాం" అని ఒక పేజీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి, మీరు సంతకం పెట్టండి. తనిఖీకి వచ్చినవారు అడిగితే టీచరు కంటే ముందు మీరు జవాబు చెప్పండి. మీరు వెనక నిలబడ్డారని తెలిసిన టీచర్లు కొత్తవి చేసి చూస్తారు.

ఒకరిద్దరు ఎప్పటికీ మారరు. వాళ్ల వెంటపడి శక్తి పోగొట్టుకోకండి. సరైన టీచరున్న సెక్షన్‌కు పిల్లను మార్చండి.

తరగతి గదిలో రేపే మార్చగలిగినవి ఏమిటి?

ఖర్చు లేనివీ, ఐదూ పది రూపాయలతో అయ్యేవీ చాలా ఉన్నాయి.

చూపు తక్కువున్న పిల్లలకు ముందు బల్ల ఒక్కటే చాలదు. కిటికీ వెలుగు బోర్డు మీద పడి మెరుస్తుంటే ముందు కూర్చున్నా ఏమీ కనబడదు. మీరే ఆ బల్ల మీద ఆ పూట కూర్చుని చూడండి. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమని టీచర్లందరికీ చెప్పండి. ఈ ఒక్క అలవాటు వెనక బల్లల్లో ఉన్న మామూలు పిల్లలకూ మేలు చేసింది. నోటు పుస్తకంలో గీతలు కనబడకపోతే నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు దిద్ది ఇవ్వండి. పూర్తిగా చూపు లేని పిల్లలకు బ్రెయిలీ నేర్పే మనిషి కావాలి, అది మన టీచర్లు ఒక వారంలో నేర్చుకునేది కాదు. ఐఈఆర్‌పీ ద్వారా ఏర్పాటు అడగండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థలో చూపు తక్కువున్నవారికి పునరావాస సేవలు ఉన్నాయి. కొద్దిపాటి చూపును ఎలా వాడుకోవాలో అక్కడ నేర్పుతారు.

వినికిడి లోపం ఉన్న పిల్లల విషయంలో మనం చేసే పెద్ద పొరపాటు బోర్డు వైపు తిరిగి మాట్లాడటం. వాళ్లు మన పెదవులను చూస్తారు. మనం వీపు చూపిస్తే పాఠం అక్కడే ఆగిపోతుంది. ఇక వినికిడి యంత్రాలు. శిబిరంలో ఇస్తారు, ఫొటో దిగుతారు, వారం రెండు వారాల్లో బ్యాటరీ అయిపోతుంది. మా బడిలో ఒకబ్బాయి యంత్రం పెట్టుకోవడం మానేశాడు. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్లమ్మ బీరువాలోంచి చీరల మధ్య మడతపెట్టిన యంత్రం తీసి చూపించింది. "పోతే మళ్లీ ఇవ్వరేమోనని దాచానండీ" అంది. అందులో బ్యాటరీ లేదు. ఆ రోజు నుంచి హెచ్‌ఎం గది సొరుగులో నాలుగు బ్యాటరీలు ఎప్పుడూ ఉండేలా చూశాను. సోమవారం ప్రార్థన అయ్యాక యంత్రం పనిచేస్తోందో లేదో చూడటం తరగతి లీడరు పని. మాట అందని పిల్లలకు సంజ్ఞా భాషే అసలు భాష. భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన నిఘంటువు వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. రోజుకు ఒక సంజ్ఞ ప్రార్థన సమయంలో బడి మొత్తానికి నేర్పాం. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లవాడితో మాట్లాడే పిల్లలు రెండు డజన్ల మంది తయారయ్యారు.

చేతుల్లో పట్టు లేని పిల్లలకు పెన్సిల్‌కు పాత సైకిల్ ట్యూబ్ ముక్క తొడగండి, లేదా గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. కాగితం జారకుండా అట్టకు క్లిప్పు పెట్టండి. అన్నీ రాయమనకండి. నోటితో చెప్పిన జవాబు కూడా జవాబే.

చదవడం, రాయడం దగ్గర ఆగిపోయే పిల్లల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. డిస్లెక్సియా అనగానే ఇంగ్లిష్ అక్షరాలు తిరగేసి రాయడం ఉదాహరణగా చెబుతారు. మన లిపిలో అది వేరేలా కనబడుతుంది. ప, వ, ష ఒకదానికొకటి అయిపోతాయి. ద, ధ, థ కలిసిపోతాయి. మ రాయమంటే వు రాస్తారు. గుణింతం ఒప్పచెబుతారు కాని కొత్త పదంలో గుడి, కొమ్ము చూసి చదవలేరు. ఇక వత్తు వచ్చిందంటే ఆగిపోతారు. ఎందుకంటే కంటికి వత్తు కింద కనబడుతుంది, నోటికి మధ్యలో పలకాలి. ఇలాంటి పిల్లవాడి చేత పదిసార్లు రాయించడం వల్ల లాభం లేదు. ఇసుకలో వేలితో రాయించడం, అక్షరాన్ని ఒక రంగులో, వత్తును ఇంకో రంగులో చూపించడం, ఒక్కో వత్తుతో ఒక వారం గడపడం పనిచేశాయి. సైన్సు, సాంఘికశాస్త్రాల్లో పాఠం చదివి వినిపించి, మౌఖికంగా అడిగితే వీళ్లలో కొందరు తరగతిలో మొదటి వరుసలో ఉంటారు. నేను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ర్యాంపు ఉంది. ఇంకేం కావాలి?

ముందు ఆ ర్యాంపును కొలవండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మన బళ్లలో చాలా ర్యాంపులు స్కూటర్ ఎక్కించే వాలుతో ఉన్నాయి. వాటి మీద చక్రాల కుర్చీ నెట్టడం పెద్దవాళ్లకే ప్రమాదం. రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, ఎక్కి దిగే చోట మలుపు తిరిగేంత చదును ఉన్నాయా? తలుపు వెడల్పు మూడడుగులైనా ఉందా? భవిత కేంద్రం నుంచి ఒక చక్రాల కుర్చీ తెప్పించి, మీరే అందులో కూర్చుని గేటు నుంచి తరగతికి, తరగతి నుంచి నీళ్ల కుళాయికి, అక్కడి నుంచి మరుగుదొడ్డికి వెళ్లి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే పని ఉంది.

మరుగుదొడ్డి ర్యాంపు కంటే ముఖ్యం. ఇంట్లో నీళ్లు తాగకుండా వచ్చి, సాయంత్రం దాకా దాహంతో ఉండి, ఇంటికి వెళ్లి ఒంటికి పోయే ఆడపిల్లలను నేను చూశాను. కమోడ్, పక్కన పట్టుకోవడానికి కమ్మీ, చేతికందే ఎత్తులో కుళాయి, లోపల చక్రాల కుర్చీ తిరిగేంత చోటు ఉండాలి. ఇక తాళం. ప్రత్యేక మరుగుదొడ్డి కట్టి "పాడవుతుంది" అని తాళం వేసి, తాళంచెవి అటెండరు జేబులో ఉన్న బళ్లు ఎన్నో! నెలసరి వయసు వచ్చిన పిల్లకు సాయపడే ఆయా ఎవరో, ఆ పిల్లా తల్లీ ఒప్పుకున్న మనిషేనా అన్నది మహిళా టీచరు ద్వారా ముందే మాట్లాడి పెట్టండి.

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా నేను చేసిన పెద్ద మార్పు గదుల మార్పిడి. మస్తిష్క పక్షవాతం ఉన్న ఒక పాపను ఐదో తరగతి దాకా తల్లి చంకనేసుకుని ప్రాథమిక పాఠశాలకు తెచ్చింది. మా బడిలో ఆరో తరగతి మేడ మీద ఉండేది. జూన్‌లో వచ్చి మెట్లు చూసి, ఆ తల్లి ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయింది. నాకు ఆగస్టులో తెలిసింది. కింది గదులు పదో తరగతివి, ఎప్పటి నుంచో అంతే. ఎందుకంతే అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. పదో తరగతిని పైకి పంపి, ఆరోది కిందికి తెచ్చాం. ఆ పాప ఏడుకు వెళ్లినప్పుడు ఏడో తరగతి ఆ గదిలోకి వచ్చింది. అలా పది దాకా గది ఆమెతోనే ఉంది. గదులు, టైమ్‌టేబుల్, ఏ సెక్షన్‌కు ఏ టీచరు: ఈ మూడూ పూర్తిగా హెచ్‌ఎం చేతిలో ఉన్నవి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మిగతా పిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే?

రెండు రకాల మాటలు వస్తాయి. "మా పిల్లలకు పాఠం వెనకబడుతుంది" అన్నది ఒకటి. దానికి వాళ్ల పిల్లల నోటు పుస్తకాలే జవాబు, తెచ్చి చూపించండి. "మా పిల్లలూ అలా అయిపోతారు" అన్నది రెండోది. అది భయం, కోప్పడితే పోదు. ఇది అంటుకునేది కాదని బడి కమిటీ సమావేశంలో పీహెచ్‌సీ డాక్టరు చేత చెప్పించండి. ఆ కమిటీలో వైకల్యం ఉన్న పిల్ల తల్లికో తండ్రికో చోటు దొరికేలా చూడండి. ఎదురుగా ఆ తల్లి కూర్చుని ఉంటే ఆ మాటలు అనడానికి నోరు రాదు.

ఎగతాళి పేర్లను ఎలా ఆపాలి?

కుంటోడు, మూగది, మెల్లకన్ను. ఊళ్లో పేర్లుగా స్థిరపడిపోయిన మాటలివి, పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. ముందు స్టాఫ్ రూమ్‌లో ఆగాలి. "ఆ మెంటల్ కేసు" అని టీచరు నోట వచ్చిన రోజున వరండాలో విన్న పిల్లలను మీరు దండించలేరు. నలుగురిలో వికలాంగులను కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చని 2016 చట్టం 92వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి పెద్దలకు ఒకసారి చెప్పండి.

పిల్లల దగ్గర చట్టం అక్కర్లేదు. కలిసి పని చేయించండి. జట్టుగా చేసే పనిలో, ఆ పిల్లవాడు బాగా చేయగల భాగం ఉండేలా జట్టు కట్టండి. అయితే ఒక జాగ్రత్త. ఎప్పుడూ ఒకే స్నేహితురాలికి "నువ్వు చూసుకో" అని అప్పగించకండి. ఆ పిల్లకు ఆట ఉండదు, ఈ పిల్లకు స్వేచ్ఛ ఉండదు. వారానికొకరు మారాలి.

ఆటలు, విహారయాత్రలు, భోజనం?

అన్నింటిలోనూ ఉండాలి. భోజనం దగ్గర వేరే కూర్చోబెట్టకండి, నేల మీద కూర్చోలేని పిల్లకు బల్ల వేసి స్నేహితులను కూడా బల్ల మీదే కూర్చోమనండి. విహారయాత్రకు "నువ్వెందుకమ్మా, ఇబ్బంది" అనే మాట మన నోట రాకూడదు. బస్సు మాట్లాడేటప్పుడే ఆ పిల్లను లెక్కలో వేసుకోండి. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం నాడు వేదిక ఎక్కించి పండు చేతికిచ్చి, ఆగస్టు 15 కవాతులో పక్కన కూర్చోబెడితే ఆ పిల్లకు అర్థమయ్యేది రెండో సంగతే.

తరగతిలో ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

తాళంచెవులు, ఇనుప ముక్కలు చేతిలో పెట్టకండి. ఉల్లిపాయ వాసన చూపించకండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు, ఏదీ పెట్టకండి. పట్టుకుని అదిమిపెట్టకండి. చుట్టూ ఉన్న బల్లలు జరపండి, తల కింద మెత్తటిది పెట్టండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్లీ వచ్చినా, దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయండి. తేరుకున్నాక పిల్ల బట్టలు తడిసి ఉండొచ్చు. ఒక జత బట్టలు బడిలో ఉంచండి, మిగతా పిల్లలను కాసేపు బయటికి పంపండి. మందు మానేయడం వల్ల వస్తున్నాయేమో ఇంట్లో అడగండి. ఈ నాలుగు మాటలూ స్టాఫ్ రూమ్ గోడ మీద రాసి పెట్టండి.

ఏజెన్సీ ప్రాంతంలో పనిచేస్తున్నాను. సికిల్ సెల్ ఉన్న పిల్లలు తరచూ మానేస్తున్నారు.

పాడేరు, ఆదిలాబాద్ వైపు టీచర్లు అడిగే ప్రశ్న ఇది. బయటికి ఏమీ కనబడదు కాబట్టి సోమరితనం అనుకుంటారు. ఆ పిల్లలకు నొప్పి అలలుగా వస్తుంది, రక్తహీనత వల్ల త్వరగా అలసిపోతారు. నీళ్లు తగ్గినా, చలి తగిలినా, ఒళ్లు అలిసేలా పరుగెత్తినా నొప్పి రేగుతుంది. కాబట్టి నీళ్ల సీసా ఎప్పుడూ బల్ల మీద ఉండనివ్వండి, ఒంటికి వెళ్తామంటే అడ్డుచెప్పకండి, చలికాలం ప్రార్థనకు స్వెటర్‌తో నిలబడనివ్వండి, ఆటలో మధ్యమధ్య ఆగనివ్వండి. మానేసిన రోజుల పాఠం తోటి పిల్లల నోట్సుతో అందే ఏర్పాటు చేయండి. జ్వరం, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

పరీక్షలు ఎలా?

ఒకటే చెబుతాను: జూన్‌లోనే మొదలుపెట్టండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపేటప్పుడు హడావిడిగా సర్టిఫికెట్లు వెతికితే ఏదో ఒకటి తప్పిపోతుంది. అర్హత ఉన్నవారికి గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. స్క్రైబ్‌గా (చెప్పింది రాసిపెట్టే సహాయకులుగా) తొమ్మిదో తరగతి పిల్లలు వస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది. జవాబు తెలియడం వేరు, ఇంకొకరికి చెప్పి రాయించడం వేరు. ఎక్కడ ఆగాలి, రేఖాగణితం బొమ్మ ఎలా చెప్పాలి, రాసింది ఎలా వినిపించుకోవాలి, ఇవన్నీ సాధన మీద వస్తాయి. ప్రతి యూనిట్ పరీక్షా స్క్రైబ్‌తోనే రాయించండి. ఒకే స్క్రైబ్ మీద ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురితో అలవాటు చేయండి.

డబ్బు ఎక్కడి నుంచి?

సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం మార్గదర్శకాల్లో ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి రూ. 3,500 లెక్కన కేటాయింపు ఉంది. ఆడపిల్లలకు నెలకు రూ. 200 చొప్పున పది నెలల ప్రోత్సాహకం వేరు. రవాణా, సహాయకుల భత్యాలు, పరికరాలు జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయం ద్వారా వస్తాయి. పిల్ల పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, సర్టిఫికెట్ నంబరు సరిగ్గా ఎక్కకపోవడం వల్లే చాలామందికి ఆగిపోతాయి. ఏడాదికి ఒకసారి ఆ వివరాలు మీరే దగ్గరుండి సరిచూడండి. బ్యాటరీలు, స్కెచ్ పెన్నులు, కమ్మీల వంటివి పాఠశాల గ్రాంటులోంచి బడి కమిటీ తీర్మానంతో కొనుక్కోవచ్చు.

మంచం దిగలేని పిల్లల సంగతి?

తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఇంటివద్ద విద్య కోరుకునే వీలు చట్టం ఇచ్చింది. ఐఈఆర్‌పీ వారానికి ఒకసారో రెండుసార్లో వెళ్తారు. ఆ పిల్ల పేరు మీ రిజిస్టర్‌లోనే ఉంటుంది, కాబట్టి మీ పిల్లే. పుట్టినరోజుకు తరగతి పిల్లలను తీసుకెళ్లండి, రిపబ్లిక్ డే నాడు చాక్లెట్ ఇంటికి పంపండి. కుదిరితే నెలకొక రోజు ఆటోలో బడికి తెప్పించండి. తల్లితో కూర్చుని మాట్లాడండి. ఏళ్ల తరబడి గడప దాటని తల్లులు వాళ్లు. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ వివరాలు ఇవ్వండి. అక్కడ పరీక్షలతోపాటు, ఇంట్లో ఏం నేర్పాలో తల్లిదండ్రులకు శిక్షణ కూడా ఇస్తారు.

మార్పు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

నివేదికల్లో తెలియదు. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో వరండాలో నిలబడి చూడండి. ఆ పిల్ల చుట్టూ ఎవరున్నారు? ఎవరైనా ఆమెతో పోట్లాడుతున్నారా? మా బడిలో ఆరో తరగతి గది కిందికి వచ్చిన ఏడాది జనవరిలో, ఆ పాప మీద ఒకమ్మాయి నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చింది. "సార్, తను నా రబ్బరు తీసుకుని ఇవ్వట్లేదు సార్" అని. ఇద్దరినీ పిలిపించాను. పాప చక్రాల కుర్చీలో వచ్చి, తల అడ్డంగా ఊపుతూ, మాట తడబడుతూనే గట్టిగా వాదించింది. రబ్బరు తనదేనట. పది నిమిషాలు విచారణ చేశాను. తప్పు పాపదే. రబ్బరు తిరిగి ఇప్పించి, ఇద్దరినీ క్లాసుకు పంపాను.